హకీం రాజీ దాచకుండా వ్రాసిన పొరపాటు

సిరికొండ నుంచి నిజామాబాద్ దవాఖానాకు వెళ్లిన రోగిని డాక్టరు గారు ముందుగా అడిగేది, ఇంతకు మునుపు ఏమైనా పెద్ద జబ్బు చేసిందా అని. చాలామంది లేదనే చెబుతారు. ఏడేళ్ల క్రితం హైదరాబాద్‌లో రొమ్ము గడ్డ తీయించుకున్న తల్లి కూడా, పక్కన పెళ్లీడు కూతురు ఉంటే, లేదనే తల ఊపుతుంది. సర్తాన్ అన్న మాట గడప దాటితే పిల్లకు రిష్తాలు రావని ఆమె భయం. ఆ ప్రశ్నకు సరైన జవాబు అందకపోతే వైద్యుడు ఎలా తడబడతాడో, పదకొండు వందల ఏళ్ల క్రితం తన అనుభవంగానే వ్రాసి పెట్టిన హకీం ఒకరున్నారు. ఆయనే అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ.

హిజ్రీ 251లో, అంటే క్రీ.శ. 865లో, నేటి టెహరాన్‌కు దగ్గరలోని రయ్ నగరంలో రాజీ జన్మించారు. యౌవనంలో ఆయన ఊద్ వాయించేవారనీ, ముప్పై దాటాకే వైద్యవిద్య వైపు వచ్చారనీ చరిత్రకారులు అంటారు. తరువాత రయ్‌లోనూ, బాగ్దాద్‌లోనూ పెద్ద దవాఖానాలకు అధిపతి అయ్యారు. మాంసం ముక్కలను ఊరంతా వేలాడదీయించి, ఆలస్యంగా కుళ్లిన చోట బాగ్దాద్ అజుదీ దవాఖానాను కట్టించారన్న కథ మనలో చాలామంది విన్నదే. కాని ఆ దవాఖానా వెలిసింది 981లో, ఆయన కన్నుమూసిన అర్ధ శతాబ్దం తర్వాత. మతవిషయాల్లో ఆయనవని చెప్పే కొన్ని అభిప్రాయాలను ఉలమాలు గట్టిగా ఖండించారు. ఆ చర్చ ఇక్కడ వద్దు. మనకు కావలసింది ఆయన కలం.

ఆయన మజ్లిస్‌లో షాగిర్దులు వరుసలు వరుసలుగా కూర్చునేవారు. రోగి తన బాధను ముందు బయటి వరుసకు చెప్పుకోవాలి. వారికి అంతుపట్టకపోతే లోపలి వరుసకు, అక్కడా తేలకపోతే చివరకు ఉస్తాద్ వద్దకు. బీదవారిని ఆయన ఎంతో దయగా చూసేవారట. వైద్యుడు అందుబాటులో లేనివారి కోసం ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశారు. మశూచి వేరు, తట్టు వేరు అని విడమరచి చెప్పిన గ్రంథమూ ఆయనదే. చూసిన ప్రతి రోగి విషయం, ఇచ్చిన మందు, దాని ఫలితం కాగితం మీద పెట్టడం ఆయన అలవాటు.

ఆ కాగితాల్లో అబ్దుల్లా బిన్ సవాదా అనే రోగి సంగతి ఉంది. అతనికి జ్వరం ఒక పద్ధతి లేకుండా వచ్చేది. ఒకసారి రోజూ, ఒకసారి రోజు విడిచి రోజు, మరోసారి ఆరు రోజులకు. కొద్దిగా వణుకు, మాటిమాటికీ మూత్రం. ఇది నాలుగో రోజు జ్వరంగా మారుతుంది, లేదా మూత్రపిండంలో చీముగడ్డ ఉండి ఉంటుంది అని రాజీ అంచనా కట్టారు. కొన్నాళ్లకు మూత్రంలో చీము పడింది. అప్పుడు చికిత్స మార్చారు. రెండు నెలల్లో రోగి కోలుకున్నాడు.

అక్కడితో ఆపి ఉంటే అది గొప్ప వైద్యుడి విజయగాథ అయ్యేది. రాజీ అలా ఆపలేదు. మొదటే గడ్డ అని ఎందుకు తేల్చలేకపోయానో కూడా వ్రాశారు. రోగికి ఇదివరకే రకరకాల జ్వరాలు ఉండటం దారి తప్పించింది. లేచి నిలబడినప్పుడు నడుములో బరువు వేలాడుతున్నట్టు ఉంటుందని రోగి చెప్పలేదు, తానూ అడగలేదు. అతని తండ్రికి మూత్రాశయం బలహీనమనీ, ఇతనికి ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా ఆ బాధ ఉండేదనీ తనకు ముందు తెలియదు. రోగి గతం, తండ్రి గతం రెండూ ఆ కాగితం మీదకు ఎక్కాయి. అంత పేరున్న హకీం అడగడం మరిచానని వ్రాసుకోవడం నాకు ఆయన మందులన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

నేటి సర్తాన్ వైద్యులు అడిగేదీ ఇదే. బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ కాగితం, ఎక్కించిన మందుల పేర్లు, ఎన్నిసార్లు ఎక్కించారు, కరెంటు ఏ భాగానికి పెట్టారు. కొన్ని మందులు గుండె మీద పనిచేస్తాయి కనుక జీవితకాలంలో ఇంతకు మించి ఎక్కించరాదన్న లెక్క ఉంది. ఒకసారి కరెంటు పెట్టిన చోట మళ్లీ పెట్టాలంటే పాత మోతాదు తెలియాలి. అందరికీ వచ్చే నడుమునొప్పి, ఎప్పుడో సర్తాన్ వచ్చిన మనిషికి వస్తే డాక్టరు దాన్ని వేరే కంటితో చూడాలి. తల్లికి వచ్చిన రొమ్ము సర్తాన్ సంగతి కూతురి డాక్టరుకు కూడా అవసరమే. పిల్ల రిష్తా కోసం దాచిన మాట ఆ పిల్ల ఆరోగ్యానికే అడ్డు రావచ్చు. నయమైందన్నాక కూడా చెప్పిన గడువుకు వెళ్లి చూపించుకుంటూ, ఆ కాగితాలన్నీ ఒకే ఫైలులో పెట్టి, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా వెంట తీసుకెళ్లాలి.

చివరి రోజుల్లో రాజీ కళ్లకు శుక్లాలు కమ్మి చూపు పోయింది. హిజ్రీ 313లో, అంటే 925లో, రయ్‌లోనే కన్నుమూశారు. ఆయన కాగితాల కట్టలు చెల్లాచెదురుగా ఇంట్లోనే మిగిలాయి. వజీర్ ఇబ్నుల్ అమీద్ వాటిని రాజీ సోదరి వద్ద కొని, షాగిర్దులను కూర్చోబెట్టి క్రమంలో పెట్టించారు. అదే అల్ హావీ. సర్తాన్ మీద కూడా అందులో అధ్యాయాలున్నాయి. 1279లో సిసిలీలో అది లాటిన్‌లోకి వెళ్లింది. మూలమైన అరబీ మాత్రం హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్‌లో 1955 నుంచి 23 భాగాలుగా అచ్చయింది. మన జిల్లా రోగులు నేడు ఫైలు పట్టుకుని వెళ్లే మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ దవాఖానా కూడా ఆ 1955లోనే, ఆ ఊళ్లోనే మొదలైంది.