టెడ్డీ బేర్‌కు పేరిచ్చిన ఉబ్బసం పిల్లాడు



మన పిల్లలు పక్కలో పెట్టుకుని పడుకునే టెడ్డీ బేర్‌కు ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసా? 1902లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ అడవుల్లో వేటకు వెళ్లారు. తోటివాళ్లు పట్టి చెట్టుకు కట్టేసిన ఎలుగుబంటిని కాల్చడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆ సంగతి పత్రికలో కార్టూన్‌గా వచ్చింది. దాని నుంచే ఆయన ముద్దుపేరుతో ఎలుగుబంటి బొమ్మ పుట్టింది.

గుర్రపు స్వారీ, బాక్సింగ్, పర్వతారోహణ అంటే ప్రాణం పెట్టే ఆ మనిషి, చిన్నతనంలో రాత్రిళ్లు వెల్లకిలా పడుకోలేక దిండ్లకు ఆనుకుని కూర్చునే పిల్లాడు. ఆయనకు ఉబ్బసం. మన భాషలో ఆయాసం, పిల్లికూతలు.

రూజ్‌వెల్ట్ 1858 అక్టోబర్ 27న న్యూయార్క్‌లో సంపన్న కుటుంబంలో పుట్టారు. మూడేళ్ల వయసు నుంచే అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చునేవారు. అప్పుడు తండ్రి ఆయన్ని భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ నడిచేవారు. కొన్ని రాత్రులు గుర్రపు బండి కట్టించి, ముఖానికి గాలి తగిలితే ఊపిరి అందుతుందేమోనని ఖాళీ వీధుల్లో వేగంగా తిప్పేవారు. డబ్బుకు, ప్రేమకు ఆ ఇంట్లో కొదవ లేదు. లేనిది సరైన మందు.

ఆ రోజుల్లో చాలామంది డాక్టర్లు ఉబ్బసాన్ని నరాల జబ్బుగా భావించేవారు. అందుకే ఆ చిన్నపిల్లాడికి ఘాటైన బ్లాక్ కాఫీ తాగించారు. వాంతి చేయించే మందు ఇచ్చారు. చుట్ట కూడా కాల్పించారు! కాఫీ వల్ల కొంత ఉపశమనం కలిగి ఉండవచ్చు, ఎందుకంటే కెఫీన్ శ్వాసనాళాలను కొద్దిగా వదులు చేస్తుంది. కానీ పొగ? అది పుండు మీద కారం చల్లినట్టే.

ఎందుకో తెలియాలంటే లోపల జరిగేది తెలియాలి. ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు చెట్టు కొమ్మల్లా చీలుతూ పోతాయి. ఉబ్బసం ఉన్న పిల్లల్లో ఆ గొట్టాల లోపలి పొర మామూలు రోజుల్లో కూడా కొంచెం వాచి, ఎర్రబడి ఉంటుంది. దుమ్ము పురుగులు, పుప్పొడి, పొగ, జలుబు వైరస్ వంటివి తగలగానే శరీరంలోని రక్షణ కణాలు అతిగా స్పందిస్తాయి. మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్ వంటి రసాయనాలు విడుదలవుతాయి. ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడ గుమిగూడి వాపును పెంచుతాయి. పొర ఉబ్బుతుంది, చిక్కటి కఫం ఊరుతుంది, గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. ఈ మూడూ కలిస్తే దారి ఇరుకవుతుంది. ఇరుకు దారిలో గాలి వెళ్లే చప్పుడే పిల్లికూత. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే గాలికి ఎదురయ్యే అడ్డు సుమారు 16 రెట్లు పెరుగుతుంది. పిల్లల గొట్టాలు అసలే సన్నం.

రూజ్‌వెల్ట్‌కు పన్నెండేళ్లు వచ్చేసరికి తండ్రి ఒక మాట చెప్పారు: బుద్ధి ఉంది, దానికి తగ్గ శరీరాన్ని నువ్వే తయారు చేసుకోవాలని. ఇంట్లోనే వ్యాయామశాల పెట్టించారు. ఆ పిల్లాడు రోజూ కసరత్తు చేశాడు, బాక్సింగ్ నేర్చుకున్నాడు. తర్వాత హార్వర్డ్‌లో చదివారు. 1880లో అక్కడి డాక్టర్ గుండె బలహీనంగా ఉంది, మెట్లు కూడా పరుగున ఎక్కవద్దని హెచ్చరించారు. మరుసటి సంవత్సరమే ఆయన ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ శిఖరం ఎక్కారు! 1901లో 42 ఏళ్లకే అధ్యక్షుడయ్యారు. రష్యా, జపాన్ యుద్ధాన్ని ఆపించినందుకు 1906లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. 1919 జనవరి 6న నిద్రలోనే కన్నుమూశారు.

ఈ కథను చాలా పుస్తకాలు పట్టుదలతో ఉబ్బసాన్ని జయించిన కథగా చెబుతాయి. నేను కూడా మొదట క్లాసులో అలాగే చెప్పాను. కానీ అది పూర్తి నిజం కాదు. వ్యాయామం ఆయనకు బలాన్ని, ధైర్యాన్ని ఇచ్చింది. వయసు పెరిగేకొద్దీ ఆయాసం తగ్గినా, పెద్దయ్యాక కూడా ఆయనకు అప్పుడప్పుడు వస్తూనే ఉండేది. వాపు మన పట్టుదలకు లొంగదు. దానికి మందు కావాలి.

ఆ మందు రావడానికి చాలా కాలం పట్టింది. ఉబ్బసంలో చిన్న గాలి గొట్టాలు వాస్తాయని 1892లోనే డాక్టర్ విలియం ఆస్లర్ తన పాఠ్యపుస్తకంలో రాశారు. 1950లలో అమెరికాలో ఒక మందుల కంపెనీ అధ్యక్షుడిని ఆయన 13 ఏళ్ల కూతురు, తన ఉబ్బసం మందును హెయిర్ స్ప్రేలా డబ్బాలో ఎందుకు పెట్టకూడదని అడిగింది. ఆ ప్రశ్న నుంచే 1956లో నొక్కితే కొలత ప్రకారం మందు వచ్చే ఇన్‌హేలర్ పుట్టింది. వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్లు 1970లలో వచ్చాయి.

పోయిన సంవత్సరం నా క్లాసులో ఒక విద్యార్థి ఇన్‌హేలర్‌ను సాక్సులో చుట్టి బ్యాగ్ అడుగున దాచేవాడు. ఎవరికీ చూపించవద్దని, అలవాటైపోతుందని ఇంట్లో చెప్పారట. ఒకరోజు పీటీ పీరియడ్‌లో ఆయాసం వచ్చింది. పుస్తకాలన్నీ కింద పారబోసి దాన్ని వెతికిన ఆ రెండు నిమిషాలు నేను మర్చిపోలేను.

అందుకే నాలుగు మాటలు. ఇన్‌హేలర్ వ్యసనం కాదు. మందు నేరుగా గొట్టాల్లోకి వెళ్తుంది కాబట్టి తక్కువ మోతాదు చాలు. ఆయాసం వచ్చినప్పుడు వాడేది ఒకటి, వాపు రాకుండా రోజూ వాడేది ఒకటి. పిల్లాడు బాగున్నాడు కదా అని రెండోదాన్ని డాక్టర్‌ను అడగకుండా ఆపవద్దు. దోమల కాయిల్, అగరబత్తి, సాంబ్రాణి, సిగరెట్ పొగలను పిల్లలకు దూరంగా ఉంచండి. ఆటలు మాన్పించవద్దు, డాక్టర్ సలహాతో ఆడనివ్వండి. ముఖ్యంగా, క్లాస్ టీచర్‌కు ముందే చెప్పి, ఇన్‌హేలర్‌ను బ్యాగ్ పై జిప్‌లో పెట్టండి.

రూజ్‌వెల్ట్ తండ్రి చేతుల్లో బిడ్డ తప్ప మందు లేదు. మన చేతుల్లో ఈరోజు రెండూ ఉన్నాయి. దాన్ని దాచిపెట్టుకోవాల్సిన అవసరం ఏ పిల్లాడికీ రాకూడదు.