వేలూరు డాక్టరమ్మ ఐడా స్కడర్



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుల జీవితం వ్రాయమని కార్యదర్శి గారు కోరగానే నాకు తోచిన పేరు డాక్టర్ ఐడా స్కడర్. జబ్బు ముదిరితే రాయవేలూరు తీసుకువెళ్ళమని చెప్పడం మన ఇళ్ళలో పరిపాటి. ఆ ఆసుపత్రిని స్థాపించిన తల్లి ఆమె.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. తాతగారు, తండ్రిగారు ఇద్దరూ అమెరికా మిషనరీ వైద్యులు. ఆమెకు మాత్రం ఇక్కడ స్థిరపడే ఉద్దేశం లేదు. అమెరికాలో చదువుకొని, తల్లికి ఒంట్లో బాగాలేదని తెలిసి తిండివనం వచ్చారు. అక్కడ ఒకే రాత్రి ముగ్గురు గృహస్థులు వేరు వేరుగా వచ్చి, భార్యలు ప్రసవవేదన పడుతున్నారని, సాయం రమ్మని వేడుకున్నారు. తండ్రిగారిని పంపుతానంటే పరపురుషుడు తాకరాదని వెనుదిరిగారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ మరణించారు. వైద్యం చదవాలని ఐడా నిశ్చయించుకున్నది అప్పుడే.

1899లో కార్నెల్ వైద్య కళాశాలలో పట్టా పొంది, 1900లో తిరిగివచ్చారు. షెల్ అనే న్యూయార్క్ బ్యాంకరు చనిపోయిన తన భార్య జ్ఞాపకార్థం 10 వేల డాలర్లు ఇచ్చారు. ఆ సొమ్ముతో 1902లో వేలూరులో 40 పడకల ఆసుపత్రి వెలిసింది. 1909లో నర్సుల శిక్షణ మొదలైంది. రోగులు రాలేని ఊళ్ళకు తానే ఎద్దుబండిలోనూ, తరువాత మోటారు కారులోనూ వెళ్ళి, రోడ్డు పక్క చెట్ల కింద మందులిచ్చేవారు. 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెడితే మొదటి ఏడే 151 దరఖాస్తులు వచ్చాయి. మొదటి జట్టులో చివరి పరీక్షకు కూర్చున్న 14 మందీ ఉత్తీర్ణులయ్యారు.

నేను 30 ఏళ్ళకు పైగా లెక్కల సెక్షనులో పనిచేసినవాణ్ణి. ఏ సంస్థ గురించి చదివినా డబ్బు ఎక్కడిదని చూడడం అలవాటు. 1920ల మొదట్లో ఆసియాలోని ఏడు స్త్రీల కళాశాలలకు రాక్‌ఫెల్లర్ నిధి 10 లక్షల డాలర్లు ఇవ్వజూపింది. అయితే అమెరికా స్త్రీలు 20 లక్షలు పోగుచేయాలని షరతు. మన భాషలో మ్యాచింగ్ గ్రాంటు! ఆ ఏడింటిలో వేలూరు ఒకటి. ఐడా ఊరూరా తిరిగి ఉపన్యసించారు. ఎన్నడూ మన దేశం చూడని గృహిణులు ఇంటిఖర్చులో మిగిల్చి ఇచ్చారు. లక్ష్యం నెరవేరింది.

పాఠశాలను డిగ్రీ కళాశాలగా పెంచకపోతే మూతపడే పరిస్థితి వచ్చినప్పుడు, 1941లో, 70 దాటిన వయసులో మళ్ళీ చందాలకు అమెరికా వెళ్ళారు. మనమైతే ఆ వయసుకు పెన్షను పుస్తకం పట్టుకొని 12 ఏళ్ళు దాటి ఉంటుంది. 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులు వచ్చాయి. తరువాత సంస్థ పగ్గాలు చేపట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ మన విశాఖపట్నంలో పుట్టినవారు కావడం మనకు గర్వకారణం. ఐడా 1960 మే 24న కొడైకెనాల్‌లో కన్నుమూశారు. ఆమె వివాహం చేసుకోలేదు.

1987లో మా ఇంటావిడ ఆపరేషను నిమిత్తం వేలూరులో 19 రోజులున్నాము. పక్క మంచం మీద చిత్తూరు వైపు కూలి మనిషి. బిల్లులో చాలా భాగం తగ్గించారని అతని భార్య కన్నీళ్ళతో చెప్పింది. తగ్గిన సొమ్ము గాలిలో పుట్టదు గదా! ఎక్కడో ఎవరో ముఖం తెలియని మనిషి కట్టి ఉండాలి. లెక్కల గుమాస్తాగా ఆ రోజు నాకు దానం అంటే అర్థమైంది.

కనుక సభ్యులకు నాదొక మనవి. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాము. అంటే మరో ఏడు బ్రతికి ఉన్నామని సంతకం పెడతాము. ఆ నెల పెన్షనులో శక్తికొద్దీ కొంత, మీకు నమ్మకమున్న ఆసుపత్రిలోని పేద రోగుల నిధికి పంపండి. ఆ రోగి మన ఊరివాడు, మన దేశంవాడే కానక్కరలేదు. మనకు ఇచ్చినవారు అది చూడలేదు. రసీదు మాత్రం తప్పక తీసుకోండి.