సర్జరీ సార్‌కి నచ్చని స్టూడెంట్

దమ్మపేటలో గర్భిణులకు ఏఎన్‌ఎం ఇచ్చే మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. 1945లో దాన్ని ల్యాబ్‌లో తయారుచేసిన టీమ్‌కి లీడర్ మన యల్లాప్రగడ సుబ్బారావే.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. ఇద్దరు సోదరులు స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. హార్వర్డ్‌లో ఏళ్లు పనిచేసినా పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. సోదరుల్ని తీసుకెళ్లిన స్ప్రూకి అక్కడే మందు దొరికింది, అదే ఫోలిక్ యాసిడ్. 1948లో 53 ఏళ్లకే చనిపోయారు.

దాని ఇంకో ఉపయోగం తర్వాత బయటపడింది. వెన్నెముక పూర్తిగా మూసుకోకుండా పుట్టిన పిల్లల్లో చాలామందికి మూత్రం మీద అదుపుండదు, కొందరికి మూత్రాశయానికి ఆపరేషన్ తప్పదు. ఒక బిడ్డకు వస్తే తర్వాతి బిడ్డకూ ముప్పెక్కువ. అలాంటి తల్లులు గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ వాడితే ఆ ముప్పు 72 శాతం తగ్గిందని 1991లో తేలింది. అప్పటికి సుబ్బారావు పోయి 43 ఏళ్లు.