వైరస్‌ల కలయికను కనిపెట్టిన సర్ మెక్‌ఫర్లేన్ బర్నెట్

ఫ్లూ సూది పోయిన ఏడాదే వేయించుకున్నాం గదా, మళ్ళీ ఎందుకని మన సభ్యులు చాలామంది అడుగుతుంటారు. చిన్నప్పుడు పొడిచిన మశూచి టీకా మచ్చ మన భుజాల మీద ఇంకా ఉంది. ఆ జబ్బు లోకంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఫ్లూ మాత్రం వేషం మార్చి మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. అది వేషం మార్చుకునే మార్గాలు రెండు. ఒకటి, ఏటేటా కొద్ది కొద్దిగా మారడం. సూదిని ఏటా మార్చవలసి రావడానికి ముఖ్య కారణం ఇదే. రెండోది, రెండు రకాల వైరస్‌లు ఒకే జీవకణంలో కలుసుకొని తమ లక్షణాలను ఇచ్చిపుచ్చుకోవడం. ఈ రెండో సంగతిని ఫ్లూ విషయంలో ప్రయోగం చేసి చూపిన మహనీయుడు సర్ ఫ్రాంక్ మెక్‌ఫర్లేన్ బర్నెట్.

ఆయన 1899 సెప్టెంబరు 3న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ట్రరాల్గన్ అనే చిన్న ఊళ్ళో జన్మించారు. తండ్రి స్కాట్లండు నుంచి వలస వచ్చి బ్యాంకు మేనేజరుగా పనిచేశారు. ఏడుగురు సంతానంలో బర్నెట్ రెండోవారు. నలుగురితో కలవని బిడియస్థుడు. పొలాల వెంట తిరిగి పేడపురుగులు, పెంకుపురుగులు ఏరుకొచ్చి దాచుకోవడం ఆయన ఆట. స్కాలర్‌షిప్పు మీద చదివి, మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో 1922లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. రోగుల మంచాల దగ్గర కంటె ప్రయోగశాలలోనే రాణిస్తారని పెద్దలు గ్రహించి, వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చారు. తరువాత లండను వెళ్ళి, బాక్టీరియాను తినే వైరస్‌ల మీద పనిచేసి 1928లో డాక్టరేటు పొందారు.

1932-33లో మళ్ళీ లండనులో ఉండగా, ఆయన పనిచేస్తున్న సంస్థలోనే 1933లో మనిషి ఫ్లూ వైరస్‌ను మొదటిసారి వేరుచేశారు. బర్నెట్ స్వదేశం చేరి, పొదుగుతున్న కోడిగుడ్డులో వైరస్‌ను పెంచే పద్ధతికి మెరుగులు దిద్దారు. ఈనాటికీ ఫ్లూ టీకాలలో ఎక్కువ భాగం గుడ్లలోనే తయారవుతున్నాయి. 1944లో ఆయన హాల్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరయ్యారు. అంత పెద్ద పదవిలో ఉండి కూడా, ఒకరిద్దరు సహాయకులను పెట్టుకొని స్వయంగా బల్ల దగ్గర కూర్చొని ప్రయోగాలు చేసేవారు.

ఆ సహాయకులలో పేట్రీషియా లిండ్ ఒకరు. ఈ ఇద్దరూ కలిసి 1951లో ప్రకటించిన పని ఇది. ఫ్లూలో ఒక రకం ఎలుక మెదడులో పెరగడానికి అలవాటు పడింది. మరొక రకం మెదడుకు హాని చేయదు, దాని పై తొడుగు కూడా వేరు. రెండింటినీ కలిపి ఎలుక మెదడులోకి ఎక్కించారు. తరువాత బయటికి తీసిన వైరస్‌లలో కొన్నింటికి మెదడును దెబ్బతీసే గుణం మొదటిదానిది, పై తొడుగు రెండోదానిది. ఆ గుణాలు తరువాతి తరాలకూ వచ్చాయి. అంటే అది రెండు జాతుల మిశ్రమం కాదు, ఇద్దరి పోలికలూ వచ్చిన కొత్త సంతానమే.

ఇది ఎలా జరుగుతుందో ఆనాడు పూర్తిగా తెలియదు. తరువాతి దశాబ్దాలలో తేలింది. ఫ్లూ వైరస్ జన్యు పదార్థం ఒకే తాడుగా ఉండదు, 8 విడి ముక్కలుగా ఉంటుంది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ట్యాగు వేయని 8 కాగితాల ఫైలు అన్నమాట. అలాంటి రెండు ఫైళ్ళు ఒకే బల్ల మీద విప్పి, కాపీలు తీసి, మళ్ళీ ఎనిమిదేసి కాగితాలు సర్దమంటే ఒక ఫైలు కాగితం ఇంకో ఫైలులోకి పోక తప్పదు. రెండు రకాల వైరస్‌లు ఒకే కణంలో ప్రవేశిస్తే జరిగేది ఇదే. లెక్క కడితే 256 కూర్పులు రావచ్చు. అందులో 2 పాతవి, 254 కొత్తవి. చాలావరకు పనికిరానివే. ఏదో ఒకటి మాత్రం మన ఒంట్లోని రక్షణ బలగం ఎన్నడూ ఎరుగని ముఖంతో బయలుదేరుతుంది.

1957లో అదే జరిగింది. పక్షుల ఫ్లూ నుంచి 3 ముక్కలు, మనుషుల ఫ్లూ నుంచి 5 ముక్కలు కలిసిన ఏషియన్ ఫ్లూ ప్రపంచమంతా పాకింది. మన దేశానికి ఆ ఏడు మే నెలలో ఓడలో మద్రాసు రేవు మీదుగా వచ్చింది. 1968 నాటి హాంకాంగ్ ఫ్లూకు పక్షుల నుంచి 2 ముక్కలు వచ్చాయి. 2009 నాటి స్వైన్ ఫ్లూలో పంది, పక్షి, మనిషి, మూడింటి వాటాలూ ఉన్నాయి. దేశంలో దాని మొదటి కేసు బయటపడింది మన హైదరాబాదు విమానాశ్రయంలోనే, 2009 మేలో.

తుర్కయంజాల్ పక్కనే ఉన్న తొర్రూరును కూడా ఇక్కడ తలచుకోవాలి. 2015 ఏప్రిల్‌లో అక్కడి కోళ్ళ ఫారాలలో బర్డ్ ఫ్లూ అని భోపాల్ ప్రయోగశాల నిర్ధారించింది. లక్షకు పైగా కోళ్ళను చంపి పూడ్చారు. చూడటానికి బాగున్న కోళ్ళను కూడా ఎందుకు చంపాలని బాధపడ్డవారున్నారు. వాటిని పెంచినవారి కష్టం చిన్నది కాదు. వ్యాధి ఇతర ఫారాలకు, మనుషులకు పాకకుండా ఆపడం మొదటి కారణం. రెండో కారణం బర్నెట్ చూపిందే. మామూలు ఫ్లూతో దగ్గుతున్న కూలీకి కోడి నుంచి ఆ వైరస్ కూడా సోకితే, రెండూ ఒకే కణంలో కలిసే అవకాశం ఉంటుంది. ఆ అవకాశాన్నే తగ్గించాలి.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పుడూ కీడే చేస్తుందనుకోరాదు. పసిపిల్లలకు ప్రాణాంతకమైన విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కు 11 ముక్కలుంటాయి. 1980లలో ఢిల్లీలో జబ్బు పడని నవజాత శిశువులలో దొరికిన ఒక రకంలో 10 ముక్కలు మనుషుల వైరస్‌వి, 1 పశువుల వైరస్‌ది. ప్రకృతే కలిపిన ఆ రకంతోనే హైదరాబాదులోని భారత్ బయోటెక్ రోటావాక్ చుక్కల మందు తయారుచేసింది. 2016లో ప్రభుత్వ టీకాలలో చేర్చినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

బర్నెట్ ధైర్యానికి ఒక ఉదాహరణ. 1951లో ఆస్ట్రేలియాలో కుందేళ్ళ బెడద పోవడానికి వదిలిన ఒక వైరస్ వల్లనే మనుషులకు మెదడువాపు వస్తోందని జనం హడలిపోయారు. బర్నెట్, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ వైరస్‌ను తమ ఒంట్లోకే ఎక్కించుకున్నారు. వారికేమీ కాలేదు. జనం భయం తీరింది.

మన పెన్షనర్లు ముఖ్యంగా గమనించవలసింది 1957 నాటి ఆయన నిర్ణయం. మన సర్వీసు రోజుల్లో చాలామందిని ఇంటికి పంపిన 58వ ఏట, పాతికేళ్ళకు పైగా పేరు తెచ్చిన వైరస్‌ల పనిని పక్కన పెట్టి, సంస్థ మొత్తాన్ని రోగనిరోధక శక్తి పరిశోధన వైపు మళ్ళించారు. అది కొందరు సహచరులకు నచ్చలేదు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. శరీరం తనవారెవరో, పరాయివారెవరో గుర్తుపట్టడం పుట్టుకకు ముందే నేర్చుకుంటుందన్న ఆయన ఊహను పీటర్ మెడవార్ ప్రయోగాలతో రుజువు చేశారు. ఇద్దరికీ 1960లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పదవీ విరమణ 1965లో. ఆ తరువాత కూడా పుస్తకాలు రాస్తూనే ఉన్నారు. 1973లో భార్య లిండా మరణం ఆయన్ను బాగా కుంగదీసింది. 1985 ఆగస్టు 31న పోర్ట్ ఫెయిరీలో, 86వ పుట్టినరోజుకు మూడు రోజుల ముందు కన్నుమూశారు.

ఎలుకలతో, కోడిగుడ్లతో ఆయన చేసిన పని ఈనాడు మన ఇంటి గడప దాకా వచ్చింది. వానాకాలం రాకముందే డాక్టరుగారిని అడిగి ఫ్లూ సూది సంగతి తేల్చుకుందాం. జ్వరం, దగ్గు ఉన్నప్పుడు కోళ్ళ దగ్గరికి, పసిపిల్లల దగ్గరికి పోకుండా ఉందాం. చచ్చిన కోడిని చేత్తో ముట్టక పశువైద్యశాలకు కబురు చేద్దాం.