తోడేళ్ల నేస్తం ఫెలిక్స్

1980 మార్చి నెల మధ్యలో స్పెయిన్ దేశమంతా ఒక పంటి డాక్టరు కోసం కంటతడి పెట్టింది. పంటి డాక్టరు కోసం దేశం ఏడవటమేమిటని మన విద్యార్థి మిత్రులు నవ్వవచ్చు. ఆయన ఆ వృత్తిని వదిలిపెట్టి అప్పటికే ఇరవై ఏళ్లయింది. తోడేలు కనబడితే తుపాకి తీసే జనం చేత ఆ తోడేలునే ప్రేమింపజేయటం, ఆ ఇరవై ఏళ్లలో ఆయన చేసిన పనుల్లోకెల్లా పెద్దది. ఆయన పేరు ఫెలిక్స్ రోడ్రిగెజ్ దె లా ఫ్వెంతె.

ఫెలిక్స్ 1928 మార్చి 14న, బుర్గోస్ ప్రాంతంలోని పోసా దె లా సాల్ అనే చిన్న ఊళ్లో జన్మించారు. తండ్రి నోటరీ. పసివాణ్ణి తొందరపడి నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టడం ఆయనకు ఇష్టం లేకపోయింది. అంతలో 1936లో అంతర్యుద్ధం వచ్చిపడింది. దాంతో ఇంచుమించు పదేళ్లు వచ్చేదాకా ఫెలిక్స్ బడి మొహం చూడలేదు. కొండలు, గొర్రెల కాపరులు, ఆకాశంలో తిరిగే డేగలు, ఇవే ఆయన వాచకాలు.

తర్వాత తండ్రి కోరిక ప్రకారం వల్లదోలిద్ విశ్వవిద్యాలయంలో వైద్యం, మాడ్రిడ్‌లో దంతవైద్యం చదివారు. పట్టా వచ్చింది, ఉద్యోగమూ దొరికింది. కాని మనసంతా డేగల మీదే. మన పాతకాలపు దొరలు సాళువ డేగలతో వేటాడినట్టే మధ్యయుగాల స్పెయిన్‌లోనూ ఆ వేట ఉండేది. రానురాను ఆ విద్య అక్కడ అడుగంటిపోయింది. నేర్పే గురువు లేడు. ఆరు వందల ఏళ్ల నాటి గ్రంథాలు ముందేసుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, ఫెలిక్స్ దాన్ని తిరిగి బతికించారు. 1960లో తండ్రి కాలం చేశాక పళ్ల పని మానేశారు. చేతికొచ్చిన వృత్తిని కాలదన్ని పిట్టల వెంట పడ్డాడని అనేవాళ్లు అనకుండా ఉంటారా?

1964లో టెలివిజన్ వారు ఆయన్ని ఒక కార్యక్రమానికి పిలిచారు. భైరి డేగను చేతి మీద నిలుపుకుని మాట్లాడింది కాసేపే. చూసినవాళ్లు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. దాంతో టెలివిజన్ ఆయన్ని వదల్లేదు. 1968లో మాడ్రిడ్ దగ్గర తొర్రెహోన్ విమానస్థావరంలో, విమానాలకు అడ్డుపడే పక్షులను డేగలతో తరిమించి ఔరా అనిపించారు. అదే ఏడు ‘అడేనా’ అనే ప్రకృతి రక్షణ సంఘం స్థాపనలో పాలుపంచుకున్నారు. 1974లో మొదలైన ‘మనిషి - భూమి’ అనే ధారావాహిక ఆయన్ని ఇంటింటి మనిషిని చేసింది. ఆ రోజుల్లో స్పెయిన్‌లో ఉన్నవి రెండే ఛానళ్లు, రెండూ ప్రభుత్వానివే. కాబట్టి ఫెలిక్స్ గొంతు మోగిందంటే తాతా మనవడూ కలిసి కూర్చున్నారన్నమాటే.

ఇక తోడేలు సంగతి. 1953లో స్పెయిన్ ప్రభుత్వం హానికర జంతువుల నిర్మూలనకని సంఘాలు పెట్టి, చంపినవాళ్లకు బహుమానాలిచ్చింది. చచ్చిన తోడేలును ఊరూరా తిప్పి, ఇంటింటా గుడ్లూ డబ్బులూ అడిగే ఆచారం కూడా అక్కడ ఉండేది. అలాంటి దేశంలో ఫెలిక్స్ చావు తప్పించిన రెండు తోడేలు కూనలను భార్యతో కలిసి పెంచారు. వాటితో కలిసి తిరిగారు, వాటిలా ఊళలు వేశారు. 1970 వేట చట్టం తోడేలును హానికర జంతువుల జాబితా నుంచి తీసి, వేట జంతువుగా మార్చింది. అంటే చంపటానికి ఒక లెక్కా, ఒక కాలమూ వచ్చాయి. ఆ మార్పు వెనుక ఫెలిక్స్ గొంతు ఉంది.

1980లో అలాస్కాలో జరిగే కుక్కబండ్ల పందెం చిత్రీకరించటానికి వెళ్లారు. మార్చి 14న, సరిగ్గా యాభై రెండేళ్లు నిండిన నాడు, షక్తూలిక్ దగ్గర ఆయన ఎక్కిన చిన్న విమానం కూలిపోయింది. ఛాయాగ్రాహకులు తెయొదొరో రోవా, అల్బెర్తో మరియానో ఉవెస్కార్, విమాన చోదకుడు కూడా ఆయనతోపాటే పోయారు.

పెద్దవాళ్ల దుఃఖం ఒక ఎత్తు, పిల్లల దుఃఖం ఒక ఎత్తు. ఇంట్లో మేనమామ పోయినట్టు విలవిలలాడారు పిల్లలు. ఆ ఏడాదే ఎన్రికె, అనా అనే గాయక జంట ఆయన మీద పాడిన పాట దేశమంతా మారుమోగింది. వీధులకూ బడులకూ పార్కులకూ ఆయన పేరు పెట్టారు, విగ్రహాలు నిలిపారు. మొదట సొంత ఊళ్లోనే ఖననం చేశారు. 1981లో భౌతికకాయాన్ని బుర్గోస్ పట్టణానికి తరలించారు.

ఆయన మీద విమర్శలు లేకపోలేదు. అడవిలో జరిగినట్టు చూపిన దృశ్యాల్లో చాలా వాటిని మచ్చిక చేసిన జంతువులతో తీశారు. డేగ ఒక జంతువు పిల్లను ఎత్తుకుపోయే ప్రసిద్ధ దృశ్యం కూడా అలా ఏర్పాటు చేసిందే. ప్రాణులను ప్రేమించమన్న చేత్తోనే ప్రాణిని ఎరవేయటమేమిటని అడిగితే, ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. మనిషి అలికిడికే పారిపోయే తోడేలును ఆనాటి కెమెరాలతో దగ్గరగా పట్టటం దాదాపు అసాధ్యమన్నదీ నిజమే. ఆయన్ని దేవుణ్ణి చేయకుండా గౌరవించాలంటే ఈ రెండూ కలిపే చెప్పుకోవాలి.

మరి ఆ కన్నీళ్లకు ఫలితం దక్కిందా? దక్కిందనే చెప్పాలి. అప్పట్లో కొన్ని వందలకు పడిపోయిన తోడేళ్లు మళ్లీ పెరిగాయి. 2021లో స్పెయిన్ దేశమంతటా వాటి వేటను నిషేధించింది. కాని 2025లో పార్లమెంటు దువేరో నదికి ఉత్తరాన ఆ రక్షణను తొలగించింది. రాత్రికి రాత్రి గొర్రెలను పోగొట్టుకున్న కాపరి గోడు కూడా అబద్ధం కాదు మరి.

విగ్రహానికి దండ వేయటం ఎంతసేపు? ఇష్టమైన మనిషి కోసం ఎవరైనా ఏడుస్తారు. ఆయనకు ఇష్టమైనదీ, మనకు నష్టం తెచ్చేదీ అయిన మృగాన్ని బతకనివ్వటం, దాని వల్ల నష్టపోయిన కాపరిని ఒంటరిగా వదలకపోవటం, ఈ రెండూ కలిపి చేయటమే కష్టం. ఫెలిక్స్ పోయి నాలుగు దశాబ్దాలు దాటినా ఆ దేశం ఇంకా ఆ లెక్క తేల్చుకుంటూనే ఉంది.