బహుభాషాతపస్వి చోమా

హంగరీ జాతీయుడగు అలెగ్జాండర్ చోమా ద కోరోష్ 1784లో ట్రాన్సిల్వేనియాలో ఒక పేదకుటుంబమున జన్మించెను. తన జాతి మూలము ఆసియాఖండమున ఎచ్చటనో కలదనియు, దానిని తాను కనుగొనవలెననియు ఆయనకు విద్యార్థిదశయందే సంకల్పము కలిగెను. లాటిన్, గ్రీకు, హీబ్రూ, జర్మన్ భాషలను నేర్చి, జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున అరబ్బీని అభ్యసించెను. పెక్కుభాషలు పట్టినవానికి నడుమ విసుగు పుట్టుట సహజము. చోమాకు మాత్రము ప్రతిభాషయు తన గమ్యమునకొక మెట్టుగనే తోచెను. కావున ఏ మెట్టునను ఆయన చతికిలబడలేదు.

1819లో స్వదేశము వీడి, చాలదూరము కాలినడకనే సాగి, 1822లో లడఖ్ చేరెను. అచ్చట ఆంగ్లయాత్రికుడు మూర్‌క్రాఫ్టు ప్రోత్సాహమున టిబెటన్ భాషను చేపట్టెను. 1823–24లో జంస్కార్ ప్రాంతమున, నిప్పుసెగయైన లేని ఇరుకుగదిలో, గొఱ్ఱెతోలు కప్పుకొని, ఒక లామా సన్నిధిని పఠించెను. పుట త్రిప్పుటకు చేయి వెలుపలికి తీయుటయే కష్టమగు చలి యది!

ఆ కృషిఫలముగా టిబెటన్-ఇంగ్లీషు నిఘంటువును, టిబెటన్ వ్యాకరణమును 1834లో కలకత్తాలో వెలువడెను. పిమ్మట ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయమున పనిచేసెను. సంస్కృత, వంగభాషలయందును పరిశ్రమించెను.

ఏబదియేడేండ్లు నిండిన వయస్సున లాసాకు బయలుదేరి, త్రోవలో జ్వరపీడితుడై, 1842 ఏప్రిల్ 11న డార్జిలింగున కన్నుమూసెను. వెదకిన జాతిమూలము ఆయనకు దొరకలేదు. కాని దారిలో మెట్టుగా ఎక్కిన టిబెటన్ భాషయే ఆయన కీర్తికి శిఖరమయ్యెను.