కాలిన్ మెకంజీ

కాలిన్ మెకంజీ (1754 - మే 8, 1821) ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా పనిచేసి, భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్ పదవిని నిర్వహించిన స్కాట్లాండు దేశస్థుడు. గ్రామ చరిత్రలను కరణాల చేత వ్రాయించి కైఫియత్తులుగా సేకరించిన వ్యక్తిగా తెలుగువారికి సుపరిచితుడు. ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలం మొదలుకొని రేనాటి ప్రాంతపు పల్లెల వరకు ఎన్నో ఊళ్ల చరిత్రకు ఈయన సేకరణయే ఆధారం. అయితే ఈ సేకరణ చాలాకాలం చదివేవారు లేని కాగితాల కట్టలుగానే పడి ఉండినది. ఈయన జీవితకథ మరణంతో ముగియక, ఆ కట్టలు చేరిన గ్రంథాలయాలలో కొనసాగినదని చెప్పవచ్చును.

తొలి జీవితం

మెకంజీ స్కాట్లాండుకు వాయవ్యాన గల లూయిస్ ద్వీపంలోని స్టోర్నోవేలో జన్మించాడు. కొంతకాలం అక్కడే సుంకాల శాఖలో ఉద్యోగం చేశాడు. సంవర్గమానాలను కనుగొన్న జాన్ నేపియర్ జీవితచరిత్ర వ్రాయదలచిన నేపియర్ ప్రభువు కోసం, హిందువుల గణితశాస్త్రాన్ని గురించి సమాచారం సేకరించడంతో ఈయనకు భారతదేశంపై ఆసక్తి కలిగింది. 1783లో మద్రాసు చేరి కంపెనీ సైన్యంలో చేరాడు. మూడవ మైసూరు యుద్ధం తరువాత నిజాం రాజ్యంలో సర్వే పనులు చేశాడు. 1794లో శ్రీశైలం దర్శించి, ఆ ఆలయ విశేషాలను వ్రాశాడు. 1798లో అమరావతి స్తూప శిథిలాలను చూసి వాటి ప్రాముఖ్యతను లోకానికి తెలియజేశాడు.

కావలి సోదరులు

1796లో ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్యతో పరిచయం మెకంజీ జీవితాన్ని మలుపు తిప్పింది. సేకరణ నిజంగా మొదలైనది అప్పటినుండే. మెకంజీకి భారతీయ భాషలలో ఒక్కటీ రాదు. పండితులతో మాట్లాడటం, శాసనాలు చదవటం, ఏ కాగితంలో ఏమున్నదో చెప్పటం అన్నీ బొర్రయ్య మరియు ఆయన తయారుచేసిన సహాయకుల పనే. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే మరణించగా, తమ్ముడు కావలి వెంకట లక్ష్మయ్య ఆ బాధ్యతను స్వీకరించాడు. మరో సోదరుడు రామస్వామి దక్కను కవుల చరిత్రను 1829లో ఆంగ్లంలో ప్రచురించాడు. 1816లో థామస్ హికీ చిత్రించిన ప్రసిద్ధ చిత్రంలో మెకంజీ ప్రక్కన ముగ్గురు భారతీయ సహాయకులు కూడా కనిపిస్తారు. ఆ కాలపు దొరల చిత్రాలలో ఇది అరుదైన విషయం.

కైఫియత్తుల సేకరణ

1799 తరువాత మైసూరు సర్వేతో పాటు సేకరణ కూడా ఒక పద్ధతిలో సాగింది. సహాయకులు ఊరూరా తిరిగి కరణాలను, పూజారులను, వృద్ధులను ప్రశ్నించి సమాధానాలు వ్రాసుకునేవారు. ఊరు ఎప్పుడు కట్టారు, ఏ రాజు ఏలుబడిలో ఉన్నది, గుడికి ఎవరు ఏ మాన్యం ఇచ్చారు వంటివి ఆ ప్రశ్నలు. కరణాల ఇళ్లలో తరతరాలుగా దాచిన కవిలెలు ఇందుకు ముఖ్య ఆధారాలు. ఆ కవిలెలలో చాలా భాగం తరువాతి కాలంలో నశించిపోగా, వాటిలోని విషయం కైఫియత్తులలో మాత్రమే మిగిలినది.

1800లో నిజాం వదులుకున్న దత్తమండలాలతో పాటు కోయిలకుంట్ల ప్రాంతం కంపెనీ కిందికి వచ్చింది. పొరుగునే ఉన్న నంద్యాల మాత్రం కర్నూలు నవాబు ఏలుబడిలోనే ఉండినది. సేకరణ ఈ రెండు ఏలుబడుల ఊళ్లనూ తాకింది. అహోబిలం కైఫియత్తు వీటిలో ప్రసిద్ధమైనది. 1579 ప్రాంతంలో గోల్కొండ సైన్యం హండే నాయకుల సాయంతో అహోబిలాన్ని ఆక్రమించిన సంగతి, కొన్నేళ్లకు కొండ్రాజు వంశీయులు ఆ క్షేత్రాన్ని తిరిగి సాధించిన సంగతి చర్చించేటపుడు చరిత్రకారులు అక్కడి శాసనంతో పాటు స్థానిక చరిత్రలను కూడా పరిశీలిస్తారు.

మెకంజీ ఈ పనికి చాలా భాగం సొంత డబ్బే ఖర్చు చేశాడు. 1810లో మద్రాసు సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. 1811లో జావాపై దండయాత్రలో పాల్గొని, అక్కడ కూడా వ్రాతప్రతులు సేకరించాడు.

కలకత్తా, మరణం

1815లో భారతదేశ సర్వేయర్ జనరల్‌గా నియమితుడైన మెకంజీ 1817లో కలకత్తాకు తరలి వెళ్లాడు. సేకరణ కూడా వెంట వెళ్లింది. చిక్కు ఇక్కడే వచ్చింది. తెలుగు, తమిళ, కన్నడ కాగితాలు ఆ భాషలు చదవగలిగినవారు దాదాపు లేని నగరానికి చేరాయి. మద్రాసు సహాయకులలో పలువురు అంత దూరం వెళ్లలేకపోయారు. లక్ష్మయ్య వంటి కొద్దిమంది మాత్రమే వెళ్లారు. సేకరణ మొత్తానికి ఒక పట్టిక తయారుచేయాలని మెకంజీ అనుకున్నా, అది పూర్తికాకుండానే 1821 మే 8న కలకత్తా సమీపంలో మరణించాడు.

విల్సన్ పట్టిక

కంపెనీ ప్రభుత్వం మెకంజీ భార్యకు లక్ష రూపాయలు చెల్లించి సేకరణను కొనుగోలు చేసింది. పట్టిక తయారుచేసే పని సంస్కృత పండితుడు హెచ్.హెచ్. విల్సన్‌కు దక్కింది. 1828లో రెండు సంపుటాలుగా వెలువడిన ఆ పట్టిక ప్రకారం సేకరణలో 1,568 వ్రాతప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన ప్రతులు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు ఉన్నాయి. విల్సన్‌కు దక్షిణాది భాషలు రావు కనుక, సహాయకులు ఇచ్చిన సారాంశాలపైనే ఆధారపడ్డాడు. లోపాలు ఎన్ని ఉన్నా ఈ పట్టిక లేకపోయినట్లయితే ఏ కట్టలో ఏమున్నదో తెలిసే మార్గమే ఉండేది కాదు.

ఆ తరువాత సేకరణ చీలిపోయింది. సంస్కృతం, పారశీకం, జావా భాషల ప్రతులు, నాణేలు 1823, 1825 సంవత్సరాలలో లండనుకు వెళ్లాయి. దక్షిణాది భాషల ప్రతులు 1828లో మద్రాసుకు తిరిగివచ్చాయి. మూలం ఒకచోట, దాని అనువాదం సముద్రం అవతల మరొకచోట ఉండటం పరిశోధకులకు నేటికీ ఇబ్బంది కలిగించే విషయమే.

మద్రాసులో పడి ఉన్న కట్టలు

మద్రాసులో ఇవి కాలేజీ గ్రంథాలయం, లిటరరీ సొసైటీల మధ్య చేతులు మారాయి. అడిగి చదివేవారు తక్కువ. తాటాకులకు నిమ్మగడ్డి నూనె పూసి గుడ్డలో చుట్టి ఉంచితే శతాబ్దాలు నిలుస్తాయి. కైఫియత్తులు మాత్రం ఎక్కువగా నాసిరకం కాగితంపై వ్రాసినవి. పురుగు తొలిచి, సిరా వెలిసిపోయి అవి త్వరగా పాడయ్యాయి.

లక్ష్మయ్య ఈ సమయంలో సేకరణను కొనసాగిస్తానని ప్రభుత్వానికి విన్నవించుకున్నాడు. ఆ కాగితాలలో ఏమున్నదో అప్పటికి ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అయినా 1830లలో ఈ విషయం పరిశీలించిన కలకత్తా ఏషియాటిక్ సొసైటీ, స్థానికుడొకడు ఇంతటి పనిని స్వతంత్రంగా నిర్వహించలేడనే అభిప్రాయంతో దానిని త్రోసిపుచ్చింది. పని విలియం టేలర్ అనే మతాచార్యునికి అప్పగించబడింది. టేలర్ శిథిలమవుతున్న ప్రతులను కొన్నింటిని తిరిగి వ్రాయించి, సారాంశాలను ప్రచురించాడు. ఆయన కృషి ఉపయోగకరమైనదే అయినా, తేదీలపై ఆయన ఊహలు చాలావరకు నమ్మదగినవి కావు. దారి తెలిసిన మనిషిని ప్రక్కనపెట్టి, తెలియనివారి చేత దారి వెదికించడం ఈ చరిత్రలో అన్నిటికంటె విచారకరమైన ఘట్టం.

తెలుగు కైఫియత్తులకు సంబంధించి నిజమైన రక్షకుడు సి.పి. బ్రౌన్. ఆయన తన పండితుల చేత ఈ కాగితాలకు శుద్ధప్రతులు వ్రాయించి సంపుటాలుగా బైండు చేయించాడు. వీటినే లోకల్ రికార్డులు అంటారు. మూలాలు పాడైపోయిన చోట ఈ నకళ్లే దిక్కు.

విశ్వవిద్యాలయ గ్రంథాలయం

మెకంజీ, లేడెన్, బ్రౌన్ సేకరణలతో 1869లో మద్రాసులో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఏర్పడింది. ఇది దశాబ్దాల పాటు చేపాకులోని మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనంలో ఉండేది. తరువాత కొట్టూర్పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయానికి మారినది.

కైఫియత్తులు మళ్లీ వాడుకలోకి రావటానికి మద్రాసు విశ్వవిద్యాలయం చేసిన ప్రచురణలు తోడ్పడ్డాయి. కె.ఎ. నీలకంఠశాస్త్రి, నేలటూరి వెంకటరమణయ్య సంపాదకత్వంలో 1946లో వెలువడిన విజయనగర చరిత్ర ఆధారాల సంపుటాలలో కైఫియత్తులను విరివిగా ఉపయోగించారు. 1970లలో టి.వి. మహాలింగం మెకంజీ ప్రతుల సారాంశాలను రెండు సంపుటాలుగా ప్రచురించగా, రెండవది తెలుగు, కన్నడ, మరాఠీ ప్రతులకు చెందినది. కడపలో బ్రౌన్ నివసించిన స్థలంలో వెలసి, తరువాత యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగమైన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది.

ఇంత జరిగినా ఒక ఊరి కైఫియత్తును వెదకి పట్టుకోవడం తేలిక కాదు. ఊరి పేరు ఆంగ్ల పట్టికలలో ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా వ్రాయబడి ఉంటుంది. కాగితాలు 1810 నాటి తాలూకాల ప్రకారం కట్టినవి. కోయిలకుంట్ల తాలూకా అప్పట్లో కడప కలెక్టరు కింద ఉండి, 1858లో కర్నూలు జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల మూడూ కొత్త నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. కాబట్టి నేటి జిల్లా పేరుతో వెదికితే ప్రయోజనముండదు. పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చిన నంద్యాల కృష్ణరాజు వంశాన్ని గురించి తెలుసుకోదలచినవారికీ ఇదే అనుభవం ఎదురవుతుంది. ఆ వంశానికి చెందిన నంద్యాల అవుబళరాజు వంటి ప్రభువుల ప్రస్తావనలు గండికోట, జమ్మలమడుగు వైపు ఊళ్ల కైఫియత్తులలో కనిపిస్తాయి. అందువలన వెదికేవారు ముందుగా పాత తాలూకాను నిర్ధారించుకొని, విల్సన్ పట్టికను, మహాలింగం సంపుటాన్ని, లోకల్ రికార్డుల వరుసను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూడవలసి ఉంటుంది.